మూత లేని కన్ను

సంచి అద్దానికి అవతల ఉంది, ఆమె ఇవతల ఉంది. ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఆ సంచి ఆమె ఒంటి మీద నుంచి దిగింది లేదు. విమానంలో కాళ్ళ సందున పెట్టుకుని పట్టీని చీలమండకి చుట్టుకుంది, బాత్రూములో కూడా మెడకి తగిలించుకునే ఉంది, చేతులు కడుక్కుంటూ అద్దంలో చూసుకుని, నడుం వంగిన ముసలమ్మలా ఉన్నానే అని తనలో తనే నవ్వుకుంది. అలాంటిది ఇప్పుడు అదే సంచి ఒక స్టీలు బల్ల మీద నోరు తెరుచుకుని పడి ఉంది, నీలం రంగు తొడుగులు వేసుకున్న చేతులేవో అందులోంచి ఒక్కొక్కటీ తీసి వరసగా పేరుస్తున్నాయి. కెమెరా. చిన్న లెన్సు. బ్యాటరీల డబ్బా. పాప మేజోళ్ళు, అవెందుకు వచ్చాయో, ఓహో, చిన్న లెన్సుకి తొడిగింది తనే కదా. పెద్ద లెన్సు. మెల్లిగా, మెల్లిగా పెట్టండమ్మా, అని ఆమె పెదాలు కదిలాయి గానీ అద్దానికి ఇవతల నుంచి మాట అవతలికి పోదని ఆమెకీ తెలుసు. పసిపిల్లని ఎవరైనా సరిగ్గా మెడ కింద చెయ్యి పెట్టకుండా ఎత్తుకుంటే తల్లి చేతులు ఎలా ముందుకు చాపుతుందో అలా చాపింది.

అంతా పెద్ద లెన్సుకి చుట్టిన పాప పసుపుపచ్చ గౌను దగ్గర మొదలైంది. మనుషులూ సామాన్లూ బారుగా కదులుతూ ఉంటే అందరితో పాటు ఈమె కూడా కదిలింది, ఇంకొక్క తలుపు దాటితే బయటే, అక్కడ కారుతో మనిషి ఎదురుచూస్తూ ఉంటాడు, అంతలో కస్టమ్సు బల్ల దగ్గర ఈవిడ చెయ్యి అడ్డం చాపింది. లావుపాటి మనిషి, జుట్టంతా నెత్తిన ముడి, ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టుండే మొహం. సంచి బల్ల మీద పెట్టమంది, తీసింది, గౌను మడత విప్పింది. తెల్లటి పొగలాంటిది లేచింది. లేచి, ఏ తొందరా లేకుండా, ఆ స్టీలు బల్ల మీద సన్నగా పరుచుకుంది. ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఇదేమిటి, అని అడిగింది. ఆ మాత్రం ఇంగ్లీషు ఆమెకి వచ్చు. ఉన్నదున్నట్టు, "పౌడర్" అంది. ఆ మాట తన చెవికే ఎలా వినపడిందో తలుచుకుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. ప్రపంచంలో ఏ అధికారి ముందూ అనకూడని మాట ఏదన్నా ఉంటే అదే, అదీ రెండుసార్లు అంది, అర్థం కాలేదేమోనని. ఆవిడ పాస్‌పోర్టు తీసుకుంది, వేలితో ఈ బెంచీ చూపించింది, సన్నటి కాగితం ముక్కతో ఆ తెల్లటి దాన్ని తుడిచి ఏదో యంత్రంలో పెట్టింది. యంత్రం ఏం చెప్పిందో ఏమో, ఆవిడ ఇంకో ఆమెని పిలిచి చూపించింది, ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు, కాగితం ఇంకెక్కడికో పోయింది. ఆగమన్నారు.

మా అమ్మ పిల్లకి పౌడర్ రాయదు, గోడకి సున్నం కొడుతుంది, అంటాడు మొగుడు. అక్షరాలా నిజం. నీళ్ళు పోయగానే అత్తగారు పిల్లని ఒళ్ళో బోర్లా వేసుకుని డబ్బాని అలా తిప్పి పట్టుకుంటుంది, మెడ మడతల్లో, చంకల్లో, మోకాళ్ళ వెనకాల, చివరికి గౌను మీద కూడా రెండు దులుపులు. "వద్దత్తయ్యా, పిల్లకి తుమ్ములొస్తాయి" అంటే, "నీ మొగుడికీ ఇట్లాగే కొట్టాను. వాడేం తుమ్ముతున్నాడా?" అంటుంది. మొగుడు అప్పుడే కావాలని పెద్దగా తుమ్ముతాడు. పాప కిలకిలమంటుంది, ఆ తుమ్ము కోసమే కాచుకున్నట్టు. కింద రెండు పళ్ళు. ఆ రెండు పళ్ళతోనే ఇంట్లో ఉన్న సమస్తమూ కొరుకుతుంది, తలుపు గొళ్ళెం, అత్తగారి కళ్ళజోడు కాడ, తండ్రి స్క్రూడ్రైవరు పిడి. అందుకే ఉడత అని పేరు పడింది. ఇప్పుడు ఉడత ఏం చేస్తూ ఉంటుంది? ఇక్కడి గోడ గడియారం చూసి లాభం లేదు, అది వీళ్ళ కాలం. ఇంటి గడియారం తన ఒంట్లో ఉంది, గుండెల్లో రెండువైపులా బరువెక్కుతోంది, రాళ్ళు కట్టినట్టు. అంటే మధ్యాహ్నం నిద్రకి ముందు పాలు తాగే వేళ. సీసా అలవాటు చేశాంలే, తాగుతుందిలే, అనుకుంది. తాగకపోతే? ఆ ఆలోచనని అక్కడే తుంచేసి, స్వెట్టరు తీసి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని మెల్లిగా ఛాతీ దాకా లాక్కుంది.

ఎదురుగా గోడ మీద బోర్డు. పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి, కింద చిన్నవి రావు. పదో తరగతి మధ్యలో బడి మానేసిన చదువు ఇంతవరకే తీసుకొస్తుంది కాబోలు, ఏ దేశంలో అయినా పెద్ద అక్షరాల దాకా. బడి మానిపించి నాన్న స్టూడియోలో చేర్పించాడు, పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించే పని. ఎవరెవరి మొహాలో ఎక్కడెక్కడికో పోవడానికి కత్తిరించి, నలుచదరంగా, చెవులు తెగకుండా, కవర్లో పెట్టి ఇచ్చేది. తన మొహాన్ని తను అలా కత్తిరించుకునే రోజు వస్తుందని ఎప్పుడన్నా అనుకుందా. మొన్న వీసా కోసం కత్తిరించుకుంటూ ఉంటే కత్తెర జారి, చెవి కొంచెం తెగింది. స్టూడియో పెద్దాయన చూసి నవ్వి, "ఊళ్ళో అందరి చెవులూ కాపాడావు, నీ చెవి నువ్వే కోసుకున్నావేం తల్లీ" అన్నాడు. ఆయనే కెమెరా చేతికిచ్చింది. నంబరు పెరిగితే లెన్సు లోపలి కన్ను మూసుకుంటుంది, తగ్గితే తెరుచుకుంటుంది అని చెబితే, ఇదేంటండీ తలకిందులుగా ఉంది అని ఆమె అంటే, "మనుషులు కూడా అంతే కదా, లెక్కలు తగ్గిన కొద్దీ కళ్ళు తెరుచుకుంటాయి" అన్నాడు. ఆయన అన్ని మాటలూ అలాగే ఉంటాయి, సగం పాఠం, సగం పరాచికం.

ఇప్పుడు ఆయన కంటికి ఆపరేషను. పచ్చటి గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చుని, చేతులతోనే కెమెరాని తడిమి తడిమి ఆమెకి అప్పగించాడు. పొత్తిళ్ళలో బిడ్డల్ని తీయడంలో నీ చెయ్యే చెయ్యి, నేను వెళ్ళగలిగినా, పిలిచినవాళ్ళు అడిగింది నిన్నే, అన్నాడు. నిజమే, పెళ్ళయి ఈ దేశం వచ్చేసిన ఊరి అమ్మాయి, అంత దూరం నుంచి ఫోను చేసి మరీ అడిగింది. మొదటి బిడ్డని స్టూడియోకి తీసుకొచ్చి తీయించుకుంది, ఆ బిడ్డ ఈమె అరచేతి కిందే నిద్రపోయింది. ఇప్పుడు కవలలు, ఇక్కడ పుట్టారు, అక్కా ఈసారి కూడా మీరే తీయాలి, టిక్కెట్టు మేం పంపిస్తాం, పుట్టిన కొత్తలో అయితేనే కదా ముడుచుకుని పడుకుంటారు, అంది. అవును, ఆ కొన్ని రోజులే. కడుపులో ఎలా ఉన్నారో అలాగే, మోకాళ్ళు బొడ్డు దగ్గరకి తెచ్చుకుని, పిడికిళ్ళు గడ్డం కింద పెట్టుకుని. ఆ తర్వాత ఒకరోజు కాళ్ళు చాపుతారు. ఒకసారి చాపాక ఇంక ముడవరు. రేపు పొద్దున్నే తీయాలి. కెమెరా ఇవ్వకపోతే రేపు పొద్దున్న లేదు, పెద్దాయన కన్ను కట్టు విప్పే నాటికి ఆయనకి చూపించడానికి ఏమీ లేదు, కెమెరానే లేదు. ఇంకొకటి కొందామంటే ఆ మాట కలలో కూడా అనుకునే స్థోమత కాదు. అసలు డబ్బు కాదు సంగతి. ఆయన ఆ కెమెరాని తుడిచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు.

జాగ్రత్తలు అందరూ చెప్పారు, వీధి చివర కిళ్ళీకొట్టు వాడితో సహా. కెమెరా పెట్టెలాగా కనిపించే పెట్టె తీసుకెళ్ళకు, దొంగని పేరు పెట్టి పిలిచినట్టే, అన్నాడు పెద్దాయన. పిల్లల సంచి ఉంది కదా, బాతు బొమ్మది, దాన్ని ఏ దొంగా ముట్టుకోడు, లోపల ఏముంటుందో వాడికీ తెలుసు. ఫ్రిజ్జులు బాగుచేసే మొగుడు, ఫ్రిజ్జు అట్టపెట్టెల్లో వచ్చే స్పాంజిని దాచి దాచి ఉంచినవాడు, రెండు సాయంత్రాలు నేల మీద బోర్లా పడుకుని ఆ బాతు సంచి లోపల గదులు కట్టాడు, ఇది కెమెరా గది, ఇది పెద్ద లెన్సు గది, ఇది చిన్నదాని గది, మన ఇంట్లో కూడా ఇన్ని గదుల్లేవు చూశావా, అన్నాడు. కెమెరా మీద కంపెనీ పేరు కనపడకుండా నల్ల టేపు కూడా అతనే అంటించాడు, గోటితో నొక్కి నొక్కి, అంచులు లేవకుండా. బ్యాటరీలు చేతి సంచిలోనే ఉంచుకో, కింద సామాన్లలో వేయకు. కెమెరా నంబర్లున్న కాగితం మీద బయల్దేరేటప్పుడే కస్టమ్సు ముద్ర వేయించుకో, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అక్కడ కొన్నావంటారు. అన్నీ చేసింది. ఒక్కటి తప్పిపోకుండా చేసింది. ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చుని, అద్దం అవతల నుంచి ఆవిడ కళ్ళతో చూస్తే అర్థమవుతోంది, తను దొంగలకి దొరక్కుండా చేసిన ప్రతి పనీ దొంగ చేసే పనే. పిల్లల సంచి, పిల్ల లేదు. ఖరీదైన కెమెరా, పేరుకి మసి పూసినట్టు టేపు. బట్టల్లో చుట్టి దాచిన లెన్సు. పైగా తెల్ల పొడి. ఆవిడ స్థానంలో తనున్నా పట్టుకునేది. నవ్వు వచ్చింది, నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ఏది ముందు వచ్చిందో తెలీలేదు.

అయినా గౌను ఎందుకు చుట్టావు, అని ఎవరన్నా అడిగితే ఏం చెబుతుంది? పెద్ద లెన్సుకి మెత్తటి గది ఉంది కదా. మొగుడు అడగనే అడిగాడు, "స్పాంజి ఉండగా మళ్ళీ గుడ్డెందుకు?" అని. "ఇంకొంచెం మెత్తగా ఉంటుంది కదండీ" అంది. అతను ఆమె మొహం చూశాడు, గౌను చూశాడు, అప్పుడే పాప ఒంటి మీద నుంచి విప్పింది, ఉతకనిది, ఇంకేం అనకుండా సంచి జిప్పు తనే వేశాడు. మంచివాడు. కొన్ని చోట్ల నోరు మూసుకోవడం తెలిసినవాడు. సగం నిజం చెప్పింది అతనికి. మిగతా సగం ఏమిటంటే, లెన్సుకి మూత లేదు.

మూత ఉడత దగ్గరుంది. బయల్దేరే ముందు లైటు కూడా వేయకుండా, కిటికీలోంచి వచ్చే తెల్లవారు వెలుతురులోనే, ఒళ్ళో వేసుకుని పాలిచ్చింది. పాప నిద్రలోనే తాగింది. ముందు రోజు సంచి సర్దుతూ ఉంటే పాకుతూ వచ్చి ఆ నల్లటి గుండ్రటి మూతని పట్టుకుంది, అంచు చుట్టూ ఉన్న గరుకు దాని చిగుళ్ళకి బాగున్నట్టుంది, ఇంక వదల్లేదు, అన్నం తింటూ వదల్లేదు, నీళ్ళు పోస్తుంటే వదల్లేదు, నిద్రలో కూడా పిడికిట్లో బిగించుకునే ఉంది. బండి వచ్చింది, కింద మొగుడు మెల్లిగా హారన్ కొట్టాడు. ఆమె పాప చిటికెన వేలు విప్పింది. ఉంగరపు వేలు విప్పింది. నడిమి వేలు దగ్గరకి వచ్చేసరికి పాప నిద్రలోనే చిన్నగా మూలిగి ఆ వేలితో ఆమె వేలినే పట్టుకుంది, మూతతో కలిపి. అంతే. విప్పిన రెండు వేళ్ళని కూడా మళ్ళీ మూసేసింది. వేల రూపాయల లెన్సుని మూత లేకుండా పరాయి దేశానికి పట్టుకెళ్ళే బుద్ధి తక్కువది ఇంకెవతన్నా ఉంటుందా? పోనీ, పైన మామూలు అద్దం ఒకటి బిగించే ఉంది కదా, పెద్దాయన ఏ లెన్సూ అది లేకుండా ఇవ్వడు, తగిలే దెబ్బ దానికి తగలాలి, అసలు కన్నుకి కాదు అంటాడు, ఆ ధైర్యంతోనే ముందు రాత్రి చుట్టిన గౌనునే మూత అనుకుని బయల్దేరింది. ఆ పొడి అద్దం మీదంతా పడి ఉంటుంది. పడితే పడనీ. తను తిరిగి వెళ్ళేసరికి ఉడత తనని మర్చిపోతుందా? వారం కూడా కాదు. కానీ ఆ వయసులో వారమంటే ఎంతో, వాళ్ళ బతుకంతా కలిపితే ఎన్ని వారాలని. పొరుగింటామె పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి ఆమె కొడుకు ఆమెని చూసి ఏడ్చి బామ్మ మెడ పట్టుకున్నాడట. ఆ సంగతి ఎందుకు చెప్పిందో మహాతల్లి, సరిగ్గా టిక్కెట్టు వచ్చిన రోజే.

తలుపు తీసుకుని ఆవిడ వచ్చి, బేబీ పౌడర్, ఓకే, అంది. చేతిలో పెద్ద లెన్సు ఉంది, తొడుగులు వేసుకున్న రెండు చేతులతో పట్టుకుంది, అడుగున ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి. సరిగ్గా పట్టుకుందే, అనుకుని ఆమె లేచి నిలబడింది. స్వెట్టరు జారిపోయింది. ఆవిడ లెన్సు ముందు వైపు చూపించి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా పెట్టి, ఏదీ, ఎక్కడ, అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. ఏ భాషలో వెతికినా మూత అనే మాట దొరకలేదు. ఆమె ఒక చేతిని మడిచి చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పెట్టింది. తర్వాత రెండు వేళ్ళు కింద పెదవి మీద పెట్టుకుని, రెండు పళ్ళు, చూడండి, రెండే పళ్ళు, అన్నట్టు కొరికి చూపించింది. కరకర చప్పుడు కూడా చేసింది. చేసి సిగ్గుపడింది. ఆవిడ మొహం మీది ఇస్త్రీ ఒక మూల కొంచెం నలిగింది.

లోపలికి రమ్మంది. కెమెరాకి లెన్సు పెట్టి, తీయి, పని చేస్తుందని చూపించు, అన్నట్టు సైగ చేసింది. కెమెరా చేతిలోకి వచ్చింది. ఆ బరువు తెలిసిన బరువు. కంటికి పెట్టుకుంది. ముందు ఆవిడ వైపు తిప్పితే, నన్నొద్దు, అని చెయ్యి అడ్డం పెట్టింది. బల్ల మీద గౌను ఉంది. రెండు చేతులూ చాపుకుని, మెడ దగ్గర చిన్న బొత్తాం పెట్టి ఉన్న గౌను. అద్దం మీది పొడికి అంతా పల్చగా మంచు పట్టినట్టు కనిపించింది, స్టీలు బల్ల మెరుపు కూడా మెత్తబడింది, పసుపు రంగు అంచులు దాటి గాల్లోకి కొంచెం పాకింది. ఊరందరి పిల్లల్నీ తీస్తావు, నీ పిల్లని ఒక్కసారన్నా ఈ పెద్ద కెమెరాతో తీశావా, అని అత్తగారు దెప్పేది. పని కెమెరా అత్తయ్యా, ఆడుకోవడానికి కాదు, అనేది. ఇప్పుడు పిల్ల లేని పిల్ల గౌనుని తీసింది. చప్పుడయింది. ఆవిడ కెమెరా వెనక తెర మీద బొమ్మ చూసింది, చాలాసేపే చూసింది. తర్వాత తొడుగులు ఊడదీసి, వట్టి చేతులతో గౌను తీసుకుని, చేతులు లోపలికి మడిచి, సగానికి మడిచి, అరచేత్తో ఒకసారి నిమిరి ఇచ్చింది. పిల్లల బట్టలు మడిచిన చేతులు దాచినా దాగవు. పాస్‌పోర్టు కూడా ఇచ్చింది. ఇస్తూ ఆమె ఛాతీ వైపు చూసి చూపు తిప్పుకుని, పక్కనున్న తలుపు చూపించింది. దాని మీద పాల సీసా బొమ్మ ఉంది. అప్పుడు గానీ ఆమె చూసుకోలేదు, ముందంతా తడిసిపోయి ఉంది.

గది చిన్నది, ఒక కుర్చీ, ఒక సింకు, లోపలి నుంచి గడియ. ఆమె సంచిని భుజం మీద నుంచి దించి నేల మీద పెట్టింది. ఇంటి నుంచి బయల్దేరాక ఎవరూ చెప్పకుండా తనంతట తను దించడం ఇదే. సింకు మీద వంగి పాలు పిండుతూ ఉంటే, ముందు సలుపుగా, తర్వాత సుఖంగా, తెల్లటి దారాలు వేడిగా వెళ్ళిపోతుంటే, ఏడ్చింది, ఎవరూ వినకుండా ఏడవడం కూడా ఒక సుఖమే. నీళ్ళు తిప్పి సింకు శుభ్రంగా కడిగింది. చేతులు తుడుచుకుని పెద్ద లెన్సు ఒళ్ళో పెట్టుకుంది. రేపటికి ఇది తేటగా ఉండాలి, పసిబిడ్డ కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ కనిపించాలి. రబ్బరు బుడ్డి తీసుకుంది, దాన్నొక్కసారి నొక్కితే గాలికి పొడంతా ఎగిరిపోతుంది. నొక్కబోయి ఆగింది. లెన్సుని ముక్కు దగ్గరకి తెచ్చుకుంది. సున్నం కొట్టిన గోడ. మెడ మడతలు. పాలు కారి ఎండిన చోటు.

బుడ్డి పక్కన పెట్టేసి, ముందున్న ఆ మామూలు అద్దాన్ని వేళ్ళతో మెల్లిగా తిప్పి ఊడదీసింది. కింద అసలు లెన్సు మచ్చ లేకుండా నల్లగా మెరిసింది. పొడి పట్టిన అద్దాన్ని తుడవకుండా, పట్టిన పొడి పట్టినట్టే, గౌను మడతలో పెట్టి, మేజోళ్ళ పక్కన సర్దింది. ఫోను మోగింది. మొగుడు గుసగుసగా మాట్లాడాడు, అంటే పాప పడుకుంది.

"దిగిపోయావా? ఇంతసేపేంటి? అమ్మ ఇప్పటికి ఎన్ని దేవుళ్ళకి మొక్కిందో, అన్నీ నువ్వే తీర్చాలి."

"దిగాను. పాలు తాగిందా?"

"సీసాడూ తాగింది. నేను తుమ్మితే గానీ తాగలేదు. నా ముక్కు పోయింది." గొంతు ఇంకా తగ్గించి, "ఇదిగో, ఈ నల్ల మూత లెన్సుది కదూ? నిద్రలో కూడా వదలట్లేదు. తీయబోతే కళ్ళు తెరిచి చూసింది. నీకు చెప్పలేదేం?"

"తీయకండి. దాన్ని ఉండనివ్వండి."

"అది సరే, మరి లెన్సుకి మూత లేకుండా ఎట్లా?"

ఆమె కిందికి చూసింది. ఒళ్ళో లెన్సు, దాని మీద తన అరచెయ్యి, ఎప్పుడు పెట్టిందో తెలీదు, పాప నుదుటి మీద పెట్టినట్టు.

"చెయ్యి అడ్డం పెట్టుకున్నాలెండి" అంది.